ఎల్సీ పుస్తకంలో నా మొదటి సంతకం

మా సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో బల్ల మీద ఎప్పుడూ రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి లాగ్ బుక్కు. వోల్టేజీ ఎంత, ఏ ఫీడర్ (స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) మీద ఎన్ని ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఎంత వేడెక్కింది అన్నవి గంటగంటకూ అందులో రాయాలి. రెండోది ఎల్సీ పుస్తకం, అంటే లైను మీద పనికి కరెంటు ఆపామని లైన్‌మన్లకు రాసిచ్చేది. 2016 వేసవిలో నేను షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరిన రోజున మొదటిదాన్ని నా చేతికిచ్చారు. రెండోదాన్ని దాదాపు మూడు నెలలు ముట్టుకోనివ్వలేదు. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నదీ, రెండేళ్ల తర్వాత తిత్లీ తుపానులో దాని విలువ తెలిసివచ్చిన తీరూ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఒకవైపు కొబ్బరి, జీడి, పనస తోటలు, ఇంకోవైపు సముద్రం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, కాంట్రాక్టు మీద ఒక 33/11 కేవీ, అంటే 33 వేల వోల్టులను 11 వేలకు దించే సబ్‌స్టేషన్‌లో చేరాను. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయనను లైన్‌మన్లందరూ బాబాయి అనేవారు. నాకూ ఆయన బాబాయే అయ్యాడు.

మొదటిరోజు నన్ను యార్డు గేటు దగ్గర నిలబెట్టి, "ఈ స్టేషన్ ఎందుకు కట్టారో చెప్పు నాయనా" అన్నాడు.

"ఊళ్లకు కరెంటు ఇవ్వడానికి" అన్నాను.

"ఇవ్వడానికి తీగ చాలు. ఇంత స్థలం, ఇన్ని పెట్టెలు ఆపడానికి. తెగాల్సిన చోటే తెగాలి, తెగాల్సినంతే తెగాలి. ఆ సంగతి నీకు పూర్తిగా అర్థమైన రోజున ఆ రెండో పుస్తకం ఇస్తాను."

అప్పుడు నాకది పెద్దవాళ్లు మామూలుగా చెప్పే మాటలాగే వినిపించింది.

గేటు దాటగానే కాళ్ల కింద కంకర. నేను ఐటీఐలో చదివిన రెండేళ్లలో ఈ కంకర గురించి ఎవరూ చెప్పలేదు. గడ్డి మొలవకుండా వేశారనుకునేవాణ్ణి. అదీ నిజమే, కానీ ముఖ్యమైన కారణం వేరు. యార్డులో ఎక్కడైనా తీగ తెగి నేలను తాకితే, ఆ కరెంటు భూమిలోకి దిగుతూ నాలుగు దిక్కులా వ్యాపిస్తుంది. తాకిన చోట వోల్టేజీ ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తక్కువ. అంటే మనిషి రెండు పాదాల మధ్య కూడా తేడా ఉంటుంది. ఆ తేడా ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి గుండా దిగుతుంది. ఆవులూ గేదెలూ తెగిన తీగకు దూరంగా ఉన్నా చనిపోయేది ఇందుకే. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ. కంకర పొర పాదానికీ మట్టికీ మధ్య అడ్డుగా ఉండి, ఒంట్లోకి వచ్చే కరెంటును తగ్గిస్తుంది. దాని కింద భూమిలో ఇనుప పట్టీల వల ఉంటుంది. యార్డులోని ప్రతి స్తంభమూ, ప్రతి పెట్టె ఒళ్లూ, చివరికి కంచె కూడా ఆ వలకు కలిసి ఉంటాయి. ఎండాకాలంలో ఎర్త్ గుంతల్లో నీళ్లు పోయడం నా మొదటి ఉద్యోగ బాధ్యత. రోజూ సాయంత్రం బిందెతో పోసేవాణ్ణి. మట్టి ఎండితే కరెంటును లోపలికి తీసుకోదు.

తర్వాత లెక్క చెప్పించాడు. మా దగ్గర ఉన్నది 5 ఎంవీఏ సామర్థ్యం ఉన్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్. నిండు లోడు మీద దానికి 33 కేవీ వైపు సుమారు 87 ఆంపియర్లు వస్తే, 11 కేవీ వైపు 262 ఆంపియర్లు పోతాయి. వోల్టేజీ మూడోవంతుకు దిగితే కరెంటు మూడింతలవుతుంది. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే తీగలో నష్టం తొమ్మిదింతలు. దూరపు పవర్‌హౌసుల నుంచి కరెంటు 400, 220, 132 కేవీల్లో ప్రయాణించి, ఒక్కో మెట్టు దిగుతూ 33 కేవీగా మా దాకా రావడానికి ఈ లెక్కే కారణం. మా దగ్గర అది 11 కేవీ అవుతుంది. ఊళ్లో స్తంభాల మీద ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించుతుంది. ఇంట్లో మనం వాడే 230 వోల్టులు అందులో ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండేది.

ఆ తర్వాత నాలుగైదు వారాలు బాబాయి నన్ను రెండు పరికరాల దగ్గరే తిప్పాడు. ఒకటి బ్రేకరు, రెండోది ఏబీ స్విచ్చు. రెండూ కరెంటును తెంపేవే. ఒకటి ఉండగా రెండోది ఎందుకన్నది నా ప్రశ్న.

ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్చు అంటే పొడవాటి ఇత్తడి, రాగి పలకలు. కింద పిడి తిప్పితే పైన మూడు ఫేజుల పలకలూ విడిపోతాయి. అయితే కరెంటు పారుతుండగా దాన్ని తెరిస్తే, పలకల మధ్య గాలే మండి వాహకం అయిపోతుంది. ఆ మెరుపు తెగదు, సాగుతుంది. పక్క ఫేజుకు అంటుకుంటే పిడి దగ్గర నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది. పారే కరెంటును తెంపే శక్తి బ్రేకరుకే ఉంది. మా బ్రేకర్లు వాక్యూమ్ రకం. పింగాణీ గొట్టాల లోపల, గాలి తీసేసిన సీసాలో రెండు లోహపు బిళ్లలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. స్ప్రింగు దెబ్బకు అవి కొద్ది మిల్లీమీటర్లు విడిపోతాయి. అక్కడ మండటానికి గాలి లేదు. బిళ్లల నుంచి లేచిన లోహపు ఆవిరే కాసేపు కరెంటును మోస్తుంది. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. అలా సున్నాకు చేరిన ఒక క్షణంలో ఆవిరి చల్లబడి చెదిరిపోతుంది, కరెంటు మళ్లీ లేవలేదు. రెప్పపాటులోపు అయిపోతుంది. ఎన్ని వందల సార్లు చూసినా, ఆ "టక్" శబ్దం వెనక ఇంత జరుగుతుందన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

"మరి బ్రేకరే తెంపితే ఏబీ స్విచ్చు ఎందుకు బాబాయీ?"

"బ్రేకరు తెగిందని నీకెలా తెలుసు?"

"ఆకుపచ్చ దీపం వెలుగుతుంది."

"దీపాన్ని నమ్మి స్తంభం ఎక్కుతావా?"

సమాధానం అదే. బ్రేకరు లోపలి ఎడం కంటికి కనిపించదు. లోపల బిళ్లలు అతుక్కుపోయినా, పిన్ను విరిగినా, బయట దీపం మారవచ్చు. ఏబీ స్విచ్చు పలకలు మాత్రం ఆకాశం ముందు విడిపోయి కనిపిస్తాయి. ఒకటి కరెంటును తెంపేది, ఇంకొకటి తెగిందని చూపించేది. అందుకే ఆపేటప్పుడు ముందు బ్రేకరు, తర్వాత స్విచ్చు. ఇచ్చేటప్పుడు ముందు స్విచ్చు, తర్వాత బ్రేకరు. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఇది నాచేత రోజూ చెప్పించేవాడు.

సీటీలు, పీటీలు అంటే కరెంటునూ వోల్టేజీనీ కొలవడానికి వీలైనంతగా తగ్గించి కంట్రోల్ రూమ్‌కు పంపేవి. 400 ఆంపియర్లను 5 ఆంపియర్లుగా సీటీ చూపిస్తే, 11,000 వోల్టులను 110 వోల్టులుగా పీటీ చూపిస్తుంది. వీటి గురించి ఒక్క హెచ్చరికే రాస్తాను, ఎందుకంటే ఇది తెలియక చేతులు కాల్చుకున్నవారిని చూశాను. లైను పనిచేస్తుండగా సీటీ సెకండరీ (మీటరు వైపు) తీగను ఎప్పుడూ విప్పకూడదు. విప్పితే ప్రైమరీలో (లైను వైపు) పారే కరెంటుకు ఎదురు నిలిచేది లేక, ఆ చిన్న తీగ కొసల దగ్గరే వేల వోల్టులు పుడతాయి. పీటీకి ఇది తిరగబడుతుంది. దాని సెకండరీని కలిపేయకూడదు.

ఈ రెండూ కళ్లయితే రిలే ఆలోచించేది. కరెంటు హద్దు దాటితే ఎంతసేపు ఓర్చుకోవాలో దానికి ముందే చెప్పి ఉంచుతారు. హద్దు ఎంత ఎక్కువగా దాటితే అంత త్వరగా తెంపమంటుంది. ఇందులో నాకు బాగా నచ్చినది వరుస. జీడికొమ్మ విరిగి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడితే ముందు అక్కడి ఫ్యూజు పోవాలి. అది ఆపలేకపోతే మా ఫీడర్ బ్రేకరు. అదీ కదలకపోతే ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు బ్రేకరు, ఆ తర్వాత 33 కేవీది. పై వాటికి కొంచెం కొంచెం ఎక్కువ ఓపిక పెడతారు. ఈ వరుస సరిగా లేకపోతే ఒక కొమ్మ విరిగినందుకు ముప్పై ఊళ్లు చీకటవుతాయి. ఫీడర్ ట్రిప్ అయితే జనం మమ్మల్ని తిడతారు. నిజానికి ఆ క్షణంలో స్టేషన్ తన పని తాను చేసింది.

రిలే ఆజ్ఞ ఇవ్వాలన్నా, బ్రేకరు కొక్కెం ఊడాలన్నా కరెంటు కావాలి. లైనులో లోపం వచ్చిన సమయంలో లైను కరెంటునే నమ్ముకోలేం. అందుకే కంట్రోల్ రూమ్ పక్క గదిలో బ్యాటరీలు ఉంటాయి. మా వంటి చిన్న స్టేషన్లలో 24, 30 వోల్టులవి, 132 కేవీ వంటి పెద్దవాటిలో 110 లేదా 220 వోల్టులవి. వాటికి నీళ్లు పోయడం, కొసల దగ్గర తెల్లగా పేరుకునే బూజు తుడవడం, ఒక్కో సెల్లు వోల్టేజీ చూసి రాయడం వారం వారం పని. కొత్తవాళ్లు ఈ పనిని చిన్నచూపు చూస్తారు. నేనూ చూశాను. తుపాను తర్వాత మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పాలంటే అది ఊపిరి తీసుకునే వస్తువు. లోడు పెరిగితే నూనె వేడెక్కి ఉబ్బి పైనున్న కన్సర్వేటర్ డ్రమ్ములోకి ఎక్కుతుంది, రాత్రి చల్లబడితే దిగుతుంది. దిగేటప్పుడు బయటి గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలిలోని తేమ నూనెలో కలవకుండా మధ్యలో బ్రీదర్ అనే చిన్న డబ్బాలో సిలికాజెల్ గుళికలు పెడతారు. పొడిగా ఉన్నంతసేపూ అవి నీలంగా ఉంటాయి, తేమ తాగితే గులాబీ రంగుకు తిరుగుతాయి. సముద్రపు గాలికి మా దగ్గర అవి చాలా త్వరగా రంగు మారేవి. నూనె రెండు పనులు చేస్తుంది, వేడిని మోసుకుపోతుంది, చుట్ల మధ్య కరెంటు దూకకుండా అడ్డుకుంటుంది. నూనె పరీక్షలో 2.5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు కొసలు పెట్టి వోల్టేజీ పెంచుతూ పోతారు. కనీసం 30 కేవీ దాకా దూకకుండా నిలవాలి. కొద్దిపాటి తేమ చేరినా ఆ అంకె పడిపోతుంది.

ట్యాంకుకూ కన్సర్వేటర్‌కూ మధ్య గొట్టంలో బుఖోల్ట్జ్ రిలే ఉంటుంది. జర్మనీకి చెందిన మాక్స్ బుఖోల్ట్జ్ 1921లో దాన్ని రూపొందించాడు. లోపల ఎక్కడైనా చుట్లు కాలడం మొదలైతే నూనె విరిగి వాయువు బుడగలు లేస్తాయి. అవి ఇందులో చేరి నూనెలో తేలే గుండును కిందికి దించితే గంట మోగుతుంది. పెద్ద లోపం వచ్చి నూనె ఒక్కసారిగా ఎగదన్నితే, నేరుగా బ్రేకరునే తెంపిస్తుంది. నూరేళ్ల కిందటి ఉపాయం, దాని స్థానాన్ని తీసుకునేది ఇంకా రాలేదు. సాయంత్రం దీపాల వేళకు 33 కేవీ వోల్టేజీ పడిపోతే ట్యాప్ చేంజర్‌తో పై వైపు చుట్లు కొన్ని తగ్గించి, 11 కేవీని నిలబెట్టేవాళ్లం.

ఉప్పు గురించి చెప్పకుండా ఉద్దానం సబ్‌స్టేషన్ గురించి రాసినట్టు కాదు. సముద్రం నుంచి వచ్చే గాలి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పూస్తుంది. పొడిగా ఉంటే దానివల్ల హాని లేదు. జోరువాన వస్తే ఇంకా మంచిది, కడిగేస్తుంది. చెడ్డది మార్గశిరం, పుష్యమాసాల మంచు. కడిగేంత నీరు ఉండదు, ఉప్పును తడిపేంత ఉంటుంది. ఆ రాత్రుల్లో యార్డులోకి వెళితే పిండి వేగుతున్నట్టు సన్నని చప్పుడు వినిపించేది. దీపాలు ఆర్పి చూస్తే ఇన్సులేటర్ల మడతల్లో నీలంగా చిన్న చిన్న మెరుపులు. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కదలకుండా నిలబడిపోయాను. చూడటానికి అందంగా ఉంటుంది. బాబాయి వచ్చి, "తెల్లారేలోపు ఇందులో ఒకటి పేలుతుంది చూడు" అన్నాడు. నాలుగున్నరకు పేలింది. ఆ సంవత్సరం నుంచి సంక్రాంతికి ముందు ఒకసారి లైను ఆపించి, బట్టతో ప్రతి ఇన్సులేటర్‌నూ తుడిపించేవాళ్లం.

మళ్లీ ఎల్సీ దగ్గరికి వస్తాను. ఎల్సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కే మనిషికి, "ఈ లైనులో కరెంటు లేదు, నువ్వు తిరిగి వచ్చి చెప్పేదాకా రాదు" అని స్టేషన్ రాసిచ్చే మాట. నేను దాన్ని మొదటిసారి ఇచ్చింది శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం. బాబాయి వెనక కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు.

లైన్‌మన్ అన్న వచ్చి ఫీడర్ పేరు, ఎక్కడ పని, ఎందుకు, ఎంతమంది అన్నవి చెప్పాడు. పుస్తకంలో రాసుకున్నాను. బ్రేకరు ఆపాను. మూడు ఫేజుల అమ్మీటర్లూ సున్నాకు రావడం చూశాను. యార్డులోకి వెళ్లి ఏబీ స్విచ్చు తెరిచాను. మూడు పలకలూ విడిపోయాయా అని ఒక్కోటీ వేలు చూపిస్తూ లెక్కపెట్టాను. ఒక్కోసారి రెండు విడిపోయి మూడోది ఇరుక్కుపోతుంది. పిడికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. లైను చచ్చిందని పరీక్షించుకుని, డిశ్చార్జి రాడ్డు (లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్డు) ముందు ఎర్త్‌కు బిగించి, తర్వాత ఒక్కో ఫేజుకు తగిలించాను. ఈ వరుస తిప్పితే రాడ్డు పట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. బ్రేకరు ప్యానెల్ మీద "లైను మీద మనుషులు ఉన్నారు" అన్న పలక వేలాడదీశాను. అప్పుడు సమయం వేసి సంతకం చేశాను. చెయ్యి వణికి ఆ సంతకం నాది కానట్టే పడింది.

అన్న అక్కడ కూడా తన పనిచేసే చోటికి రెండువైపులా ఎర్త్ రాడ్లు వేసుకుంటాడు. స్టేషన్‌లో ఆపితే చాలదా అని కొత్తవాళ్లు అడుగుతారు. చాలదు. ఊళ్లో ఎవరో షాపు జనరేటర్‌ను ఛేంజోవర్ స్విచ్చు (లైనూ జనరేటరూ ఒకదానికొకటి కలవకుండా చూసేది) లేకుండా నేరుగా మెయిన్‌కు కలిపారనుకోండి. ఆ 230 వోల్టులు వీధి తీగల గుండా ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరుగుదారిలో చేరుతాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏది పైకి, ఏది కిందికి అన్నది తెలియదు. దించే యంత్రమే పెంచే యంత్రమై, మనం చంపిన లైనులోకి వేల వోల్టులు ఎక్కిస్తుంది. ఎర్త్ రాడ్డు ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే స్తంభం మీదున్న మనిషి గుండా పోతుంది. ఇంట్లో జనరేటర్ ఉన్న ప్రతివారినీ ఛేంజోవర్ స్విచ్చు పెట్టించుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఎల్సీ తిరిగి ఇవ్వడానికి ఒకే నియమం. తీసుకున్నవాడే ఇవ్వాలి. అతని తరఫున ఇంకెవరు చెప్పినా చెల్లదు. పై అధికారి చెప్పినా చెల్లదు. ఆ సాయంత్రం అన్న వచ్చి, "మనుషులందరూ దిగారు, ఎర్తులు తీశాను, లైను ఇవ్వొచ్చు" అని చెప్పి తన పేరు పక్కన సంతకం పెట్టాక, నేను వరుసను తిప్పి చేశాను. రాడ్లు, తాళం, స్విచ్చు, చివరికి బ్రేకరు. బాబాయి అప్పుడు మాట్లాడాడు. "ఇకనుంచి పుస్తకం నీ దగ్గరే ఉంటుంది."

2018 అక్టోబరు 10 రాత్రి గాలి మొదలైనప్పుడు షిఫ్టు నాదే. బాబాయి అప్పటికే పని మానేసి ఊళ్లో ఉంటున్నాడు. పది గంటల నుంచి ఫీడర్లు ఒక్కొక్కటిగా ట్రిప్ అవుతూ వచ్చాయి. మళ్లీ ఇవ్వొద్దని, అన్నీ ఆపేయమని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఫోను చేశారు. అర్ధరాత్రి దాటాక 33 కేవీ కూడా పోయింది. బ్యాటరీ మీద వెలిగే ఒక్క దీపం మిగిలింది. తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కంట్రోల్ రూమ్ తలుపుకు బల్ల అడ్డుపెట్టి, ఎల్సీ పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తెల్లారి చూస్తే తోటలు లేవు. కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా పడుకున్నాయి. మా యార్డులో బస్‌బార్ల (అన్ని ఫీడర్లకూ కరెంటు పంచే పైతీగల) మీద ఎక్కడి నుంచో వచ్చిన రేకు వేలాడుతోంది. 11 కేవీ స్తంభాలు రోడ్డు పొడవునా విరిగి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ నిలబడే ఉంది. రాత్రి తీగలు పదేపదే నేలను తాకుతున్నా ప్రతిసారీ బ్రేకరు తెంపింది కాబట్టే అది నిలిచింది.

తర్వాతి రోజుల్లో ఇతర జిల్లాల నుంచి మనుషులు లారీల్లో వచ్చారు. బయట వాళ్లు స్తంభాలు పాతుతుంటే లోపల మేము స్టేషన్‌ను సిద్ధం చేశాం. ప్రతి ఇన్సులేటర్ మీది ఉప్పును మంచినీళ్లతో కడిగి తుడిచాం. గులాబీ రంగుకు తిరిగిన సిలికాజెల్ తీసి కొత్తది పోశాం. చుట్లనూ కేబుళ్లనూ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో) చూశాం, నూనె పరీక్ష చేయించాం. ఐదో రోజుకు 33 కేవీ లైను మా గేటు దాకా వచ్చింది. అయినా ఇవ్వలేకపోయాం. బ్యాటరీలు అడుగంటాయి. నాలుగు రోజులుగా చార్జర్‌కు కరెంటు లేదు. గేటు దగ్గర జనం, "లైను వచ్చింది కదా, ఇంకా ఎందుకు ఇవ్వరు?" అని నిలదీశారు. వాళ్ల కోపం న్యాయమైనదే. తాగునీటి పథకం మోటారు తిరిగి ఐదు రోజులైంది. కానీ బ్యాటరీ లేని స్టేషన్‌కు తెంపే శక్తి లేదు. లైనుకు కరెంటు ఇచ్చాక ఎక్కడైనా తీగ నేలను తాకితే, బ్రేకరు కదలక చూస్తూ ఊరుకుంటుంది. జనరేటర్ తెప్పించి ఒక రాత్రంతా బ్యాటరీలకు పెట్టాం.

ఆరో రోజు ఉదయం 33 కేవీ బ్రేకరు వేశాం. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి పెద్దగా మూలిగి, మెల్లగా మామూలు హూంకారానికి వచ్చింది. ఖాళీగా ఉన్న ఇనుప కోరును అయస్కాంతంగా మార్చడానికి మొదటి క్షణంలో అది నిండు లోడుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ మూలుగు అదే. మధ్యాహ్నం దాకా దాన్ని లోడు లేకుండా ఉంచి, చెవి పెట్టి వింటూ గడిపాను.

మొదట ఇవ్వాల్సింది నీటి పథకం ఉన్న ఫీడర్. ఆ రోజు దాని మీద నాలుగు బృందాలు నాలుగు ఎల్సీలు తీసుకున్నాయి. ముగ్గురు మేస్త్రీలు సాయంత్రం ఆరింటికల్లా వచ్చి సంతకాలు పెట్టారు. నాలుగో వరుస ఖాళీ. ఆయనది గోదావరి వైపు జిల్లా, మనుషులూ దారులూ కొత్త. ఫోను టవర్లు పడిపోయి ఎవరికీ సిగ్నల్ లేదు. ఏడయింది. గేటు దగ్గర బిందెలతో ఆడవాళ్లు కూడా వచ్చారు. ఎవరో పెద్దమనిషి, "ఆ బృందం లారీ ఎప్పుడో వెళ్లిపోయింది, నేను చూశాను, నా పూచీ" అన్నాడు. ఇంకొకరు పై నుంచి మనిషి చేత కబురు పంపారు, మిగతా మూడూ వచ్చాయి కదా ఇచ్చేయమని. నేను పుస్తకం తెరిచి ఖాళీ వరుస చూపించాను. మరో మాట చెప్పలేకపోయాను. ఏబీ స్విచ్చు తాళంచెవి జేబులోనే ఉంది, దాన్ని పట్టుకునే నిలబడ్డాను.

మా లైన్‌మన్ కొడుకును మోటారు సైకిల్ మీద పంపాను. పడిన చెట్లు దాటుకుంటూ తిరిగి తిరిగి, తొమ్మిది దాటాక ఆ మేస్త్రీని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. లారీ వెళ్లిన మాట నిజమే, స్తంభాల కోసం వెళ్లింది. మనుషులు వెళ్లలేదు. రెండు జంపర్లు (తీగను తీగతో కలిపే ముక్కలు) మిగిలితే, ట్రాక్టరు లైటు వెలుతురులో ఇద్దరు స్తంభం మీదే ఉండి ఇప్పటిదాకా కలిపారని ఆయన చెప్పాడు. ఏడింటికి ఇచ్చేయమన్నప్పుడు కూడా వాళ్లు పైనే ఉన్నారు. గేటు దగ్గర అప్పటిదాకా ఉన్న గోల ఆగిపోయింది. పూచీ పడతానన్న పెద్దమనిషి తన చెంబుతో మేస్త్రీకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"అందరూ దిగారా?"

"ఆరుగురు ఎక్కాం, ఆరుగురూ దిగారు. ఎర్తులు నాలుగు వేశాం, నాలుగూ తీసేశాం. లైను ఇవ్వండి."

సంతకం పెట్టాడు. ఆ వరుస మీద గ్రీజు వేలిముద్ర పడింది. ఊళ్లవాళ్లకు ముందే మోటార్లు, ఫ్రిజ్‌లు ఆపి ఉంచమని చెప్పించాం, ఆరు రోజులుగా ఆగినవన్నీ ఒక్కసారి లేస్తే రిలే తట్టుకోదు. రాడ్లు తీశాను, తాళం తీశాను, స్విచ్చు వేసి మూడు పలకలూ లెక్కపెట్టాను, బ్రేకరు వేశాను. అమ్మీటరు ముల్లు 60 దగ్గర ఆగింది. రాత్రి 9:40 అని లాగ్ బుక్కులో రాశాను.

మర్నాడు ఉదయం ఆరుంబావుకు అదే మేస్త్రీ వచ్చి, పక్క ఫీడర్‌కు ఎల్సీ అడిగాడు.